పిల్ల కాదంటోంది

జ్ఞానప్రసూనని నేను మొదటిసారి చూసింది ఒక ఆస్పత్రి గదిలో. కిటికీ పక్క కుర్చీలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదిలితే ఏదో చెడిపోతుందన్నట్టు కూర్చునుంది. మంచం మీద నాలుగున్నరేళ్ళ మనవరాలు. ఇద్దరిమధ్యా మాట లేదు. మనవరాలు మాట్లాడలేదు. అమ్మమ్మని మాట్లాడవద్దని ఆ పూటే చెప్పారు.

అది 2009 అక్టోబరు. నేనప్పుడు నార్త్ కరోలినాలో, క్యారీ అనే ఊళ్ళో, మా మేనల్లుడు మోహన్ ఇంట్లో ఉన్నాను. ఓడల మీద స్టోర్స్ గుమాస్తాగా ఇరవై ఎనిమిదేళ్ళు తిరిగిన కాళ్ళు కదా, రిటైరయ్యాక కూడా ఒకచోట నిలవలేదు. మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళడం, వాళ్ళ మొహాల్లో విసుగు కనపడేలోపు ఇంకోచోటికి బయల్దేరడం. క్యారీ నాలాంటివాడి ఊరు కాదు. చెట్లున్నాయి, చెరువులున్నాయి, చక్కటి కాలిబాట ఉంది, దాని మీద మనిషి లేడు. లైబ్రరీకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు కార్లో దింపాలి. ఏ రేవులో దిగినా రెండు గంటల్లో టీ కొట్టు వెతుక్కున్నవాణ్ణి, క్యారీలో నెల రోజులు తిరిగినా ఊరికే నిలబడి మాట్లాడుకునే చోటు ఒక్కటి దొరకలేదు.

అందుకే మోహన్ ఆఫీసు స్నేహితుడు కిరణ్‌కుమార్ వచ్చి అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. అతనిది వరంగల్. "అంకుల్, మధ్యాహ్నాలు మా అత్తమ్మకి తోడు కూర్చుంటరా? ఆమెకి ఇంగ్లీష్ కొంచెం తక్కువ. డాక్టర్లు వచ్చినప్పుడు ఏం చెప్తున్నరో ఆమెకి చెప్పేటోళ్ళు కావాలె. నేను పికప్ చేసుకుంట" అన్నాడు. బయటికి వెళ్ళే పని దొరికిందని లోపల సంతోషించాను. ఎందుకు పిలుస్తున్నారో తెలిసి కూడా సంతోషించాను. అది ఇప్పుడు రాస్తుంటే బాగాలేదు.

పాప పేరు సంహిత. ఆ వేసవంతా పొద్దున్న లేవగానే వాంతి చేసుకునేది. పాలు మార్చారు. డే కేర్‌లో ఏం పెడుతున్నారో కనుక్కున్నారు. కాకినాడ నుంచి ఫోన్లో జ్ఞానప్రసూన దిష్టి తియ్యమంది. ఆగస్టులో నడక తూలడం మొదలైతే, అది ఆటనుకుని తల్లి స్రవంతి నవ్వుతూ వీడియో తీసింది. ఆ వీడియోని తర్వాత చెరపలేకపోయింది, చూడలేకపోయింది. సెప్టెంబరు మొదట్లో స్కాన్ చేస్తే తల వెనక భాగంలో, చిన్నమెదడులో, నిమ్మకాయంత గడ్డ. మూడోరోజుకి ఆపరేషన్, తొమ్మిది గంటలు. గడ్డ మొత్తం వచ్చేసింది, చెడ్డరకం కాదు అన్నాడు సర్జన్. కిరణ్ ఆ వార్త నలభైమందికి ఈమెయిల్ చేశాడు. వీసా ముందే ఉండబట్టి జ్ఞానప్రసూన అప్పటికి విమానంలో ఉంది.

మర్నాడు పాప కళ్ళు తెరిచి "అమ్మా, నీళ్ళు" అంది. ఆ తర్వాత రోజు నుంచి మాట లేదు.

చిన్నమెదడు దగ్గర కత్తి పడ్డ పిల్లల్లో కొందరికి ఇలా అవుతుందట. ఒకట్రెండు రోజులు బాగానే ఉంటారు, తర్వాత మాట ఆగిపోతుంది. మెడ నిలవదు. చెయ్యి చాస్తే అనుకున్నచోటికి పోదు. మింగడం రాదు. సన్నగా, ఒకే శ్రుతిలో ఏడుస్తారు, ఎత్తుకున్నా ఆగదు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. మాట చాలామందికి తిరిగొస్తుంది, వచ్చినా మునుపటిలా ఉండకపోవచ్చు. డాక్టర్లు ఇదంతా ముందే చెప్పారు, సంతకాలు కూడా పెట్టించుకున్నారు. పెన్ను చేతిలో పెట్టినప్పుడు ఎవరికీ ఏమీ వినపడదు.

నేను వెళ్ళడం మొదలుపెట్టేసరికి పాపని సర్జరీ వార్డు నుంచి రిహాబ్‌కి, అంటే పోయిన కదలికలూ మాటా మళ్ళీ నేర్పే వార్డుకి, మార్చారు. పై అంతస్తు, గోడల మీద చేపల బొమ్మలు. రోజుకి మూడు గంటల వ్యాయామాలు. ఒకావిడ కాళ్ళు వంచేది, ఒకతను కూర్చోబెట్టి బంతి పట్టించేవాడు, ఇంకొకావిడ మాట నేర్పేది. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం, అందులోంచే తిండి. రాత్రిళ్ళు స్రవంతి అక్కడే పడుకుని పొద్దున్న అక్కణ్ణించే ఆఫీస్‌కి పోయేది. సాయంత్రాలు కిరణ్. మధ్యలో పగలంతా అమ్మమ్మ.

ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. జ్ఞానప్రసూన కాకినాడ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆపరేటరు. ఈ కాలం పిల్లలకి ఆ ఉద్యోగం ఏమిటో తెలీదు. ఊరు దాటి ఫోన్ చెయ్యాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకునే రోజులు. బోర్డు ముందు వరసగా ఆడవాళ్ళు, చెవికి హెడ్‌సెట్, చేతిలో తీగలు. అవతల విజయనగరంలో ఎవరో ఏదో అంటారు, సగం మాట గరగరలో పోతుంది. ఆ సగం విని ఆపరేటరు ఇవతలివాడికి చెప్పాలి: "మీ నాన్నగారు ఇంట్లో లేరంటున్నారండీ, కాన్సిల్ చెయ్యమంటారా?" పెళ్ళి కుదిరిన వార్తలూ ఆవిడే చెప్పింది, పోయిన వార్తలూ ఆవిడే చెప్పింది. భర్త రాజారావు అదే డిపార్టుమెంటులో లైన్‌మన్. పోయి ఆరేళ్ళయింది.

"మీరు వాళ్ళ మాటలు వినేవారా?" అని ఒకసారి అడిగాను.

"వినకూడదు అన్నయ్యగారూ. వినేవాళ్ళం" అంది.

ఇంతటి మనిషిని నోరు మూసుకుని కూర్చోమనడానికి ఒక కాగితం కారణం. రిహాబ్‌లో చేర్చేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి: పిల్ల ఇంట్లో ముందుగా మాట్లాడే భాష ఏది? కిరణ్ అక్కడ ఇంగ్లీషు అని రాశాడు. తెలుగని రాస్తే తెలుగొచ్చే మనిషి కోసం వెతుకుతూ వారాలు గడిపేస్తారనీ, ఇక్కడి పిల్లల కింద లెక్క వెయ్యరనీ అతని భయం. ఏడాదిగా డే కేర్‌కి వెళ్తోంది, నాలుగు ఇంగ్లీషు పాటలు పాడుతుంది, కాబట్టి పూర్తి అబద్ధమూ కాదు. ఈ దేశంలో ఇలాంటి ఫారాలు నింపేటప్పుడు మనవాళ్ళు పరీక్ష రాస్తున్నట్టే రాస్తారు, ఏ జవాబుకి ఎక్కువ మార్కులొస్తాయో అని. ఫారం చూసిన మాట నేర్పే ఆవిడ, సహజంగానే, అయితే అందరూ పాపతో ఇంగ్లీషులోనే మాట్లాడండి, ఇప్పుడు రెండు భాషలు కలిపితే బరువవుతుంది అంది. ఆ మాటని తెలుగు చేసి జ్ఞానప్రసూనకి చెప్పింది నేనే.

"అంటే నేను పిల్లతో మాట్లాడకూడదా?"

"కొన్నాళ్ళమ్మా."

"హలో అనొచ్చా?" అంది. నవ్వాలో వద్దో తెలీలేదు.

అప్పటి నుంచి ఆవిడ పాప పాదాలు ఒత్తుతూ కూర్చునేది, మాట లేకుండా. పాప ఏడిస్తే లేచి వంగి, పెదవులు కదిపి, ఆగిపోయేది.

మాట నేర్పే ఆవిడ పేరు లొరెట్టా. అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మిస్ లొరెట్టా. సముద్రం వైపు పల్లెటూరి నల్లజాతి ఆవిడ, అరవై దగ్గర పడ్డ మనిషి, భారీ విగ్రహం. మాట సాగదీసి, బెల్లప్పాకంలా మాట్లాడేది. పాపని షుగర్ అని పిలిచేది. మంచి మనిషి. చెడ్డమనిషైతే ఈ కథ సులువుగా ఉండేది.

రిహాబ్‌లో ఉండనివ్వడం వారం వారం తేలే వ్యవహారం. ప్రతి గురువారం పొద్దున్న డాక్టరూ, నేర్పేవాళ్ళూ, తల్లిదండ్రులూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. పాప ఏమైనా మెరుగైందని కాగితం మీద చూపించగలిగితే ఇన్సూరెన్సువాళ్ళు ఇంకో వారం ఒప్పుకుంటారు. లేకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంటికంటే వారానికి రెండు గంటల వ్యాయామం, అంతే. మెడ నిలవని పిల్లకి ఇరవై ఒక్క గంటలెక్కడ, రెండు గంటలెక్కడ. ఈ మొదటి నెలలు పోతే పోయినట్టే అని కాళ్ళ వ్యాయామం చేయించే అమ్మాయి నాతో చెవిలో అంది. మూడు వారాలుగా చూపించడానికి ఏమీ లేదు. ఈసారి ఒక్కటే మిగిలింది: పాప అవును, కాదు తేడాగా చెప్పగలిగితే చాలు, అర్థం చేసుకుంటోందని రాయొచ్చు. పది ప్రశ్నలు. ఎనిమిది సరిగ్గా రావాలి. తల దానంతటదే ఊగిపోతుంది కాబట్టి తలూపడం పనికిరాదు. గొంతులోంచి ఏదో శబ్దం రావాలి. శబ్దాలు రావడం మాత్రం నాలుగు రోజులుగా మొదలైంది.

ఆ బుధవారం మధ్యాహ్నం మిస్ లొరెట్టా పరీక్ష పెట్టింది. నేనూ జ్ఞానప్రసూనా గోడవార కూర్చున్నాం.

"నీ పేరు సంహితేనా, షుగర్?" అంది ఇంగ్లీషులో.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పెదవులు మూసుకునే, "ఊఁ."

దువ్వెన చూపించి, "ఇది బంతేనా?"

"ఊఁహూఁ."

మిస్ లొరెట్టా ఏదో రాసుకుంది. "నువ్వు అబ్బాయివా?"

"ఊఁహూఁ."

"మనం బయట వానలో కూర్చున్నామా?"

"ఊఁహూఁ."

పది ప్రశ్నలయ్యాక ఆవిడ కళ్ళజోడు తీసి, పాప నుదుటి మీద చెయ్యి వేసి, "మంచి పిల్లవి, చాలా కష్టపడ్డావు" అంది. ఆ గొంతులో ఆశ లేదు. నాకేసి తిరిగి, పదింట్లో అయిదే, అన్నిటికీ అవుననే అంటోంది, ప్రశ్న అందడం లేదనుకుంటాను అని చెప్పి, తన సామాన్ల బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

జ్ఞానప్రసూన నా చొక్కా పట్టుకుంది. "ఏమడిగింది?"

"నువ్వు అబ్బాయివా అని, దువ్వెన చూపించి బంతా అని..."

"పిల్ల కాదంది కదా. మరి ఆవిడ మొహం ఎందుకట్లా పెట్టింది?"

కాదంది. నాకూ కాదనే వినపడింది. వినపడుతూనే, ఆవిడ అవునని రాసుకుంటే నేనూ అవునని ఒప్పుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఊఁ అంటే అవును, ఊఁహూఁ అంటే కాదు. మన ఊఁహూఁకి ఇంచుమించు తోబుట్టువులాంటి శబ్దం ఒకటి వీళ్ళకీ ఉంది, పెదవులు మూసే అంటారు, మధ్యలో అదే హకారం. వీళ్ళకది అవును. కాదనడానికి మధ్యలో హకారం తీసేసి గొంతు నొక్కుతారు. మామూలు మనుషులైతే స్వరం ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అన్నదాన్నిబట్టి తెలిసిపోతుంది. ఈ పిల్ల గొంతులో ఎక్కడమూ దిగడమూ ఆపరేషన్‌తో పోయాయి. బల్లపరుపుగా ఉన్న గొంతులో మిగిలింది ఆ హకారం ఒక్కటే.

బల్గేరియా రేవుల్లో తల నిలువుగా ఊపితే కాదని అర్థం. అది తెలీక ఒకసారి మా ఓడకి ఉల్లిపాయలు లేకుండా చేశాను. నలభై ఏళ్ళుగా ఆ కథ చెప్పి జనాన్ని నవ్విస్తున్నాను. భాషల మీద దొరికిందల్లా చదివాను. అంత చదివినవాణ్ణి పిల్ల మంచానికి ఆరడుగుల దూరంలో కూర్చుని ఏమీ వినలేదు.

విషయం ఆవిడకి చెప్పాను. "ముప్పై ఏళ్ళు హలో అన్నాను. ఈ ముక్క ఎవరూ చెప్పలేదే" అంది.

"ఉండండి, ఆవిణ్ణి పిలుస్తాను" అని లేచాను.

"వద్దు." చొక్కా వదల్లేదు. "ఆ ఫారంలో అల్లుడుగారు ఇంగ్లీషని రాశారు. ఇప్పుడు మీరెళ్ళి తెలుగంటే ఆయన్ని దొంగని చేసినట్టవుతుంది. ముందు ఆయనకి చెబుదాం."

కిరణ్ అయిదున్నరకి వచ్చాడు, మెడలో ఆఫీసు బ్యాడ్జి ఇంకా తియ్యలేదు. స్రవంతి కూడా కిందనే కలిసిందట, ఇద్దరూ కలిసి వచ్చారు. వరండాలో, కాఫీ యంత్రం పక్కన, నేను చెప్పాను. కిరణ్ మధ్యలోనే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

"అంకుల్, అది వర్డ్ కాదు. మూలుగు. డాక్టరే చెప్పింది, ఇవన్నీ రిఫ్లెక్స్ సౌండ్స్ అని."

"రిఫ్లెక్స్ అంటే ఏమిటి అల్లుడుగారూ?" అంది జ్ఞానప్రసూన.

"అంటే... ఊరికే వచ్చేది అత్తమ్మా. దాంట్ల మీనింగ్ ఉండదు."

"దువ్వెనకి ఊఁహూఁ, పేరుకి ఊఁ. ఊరికే వచ్చేదానికి అంత తేడా తెలుస్తుందా?"

"అమ్మా, ప్లీజ్" అంది స్రవంతి. కాఫీ కప్పు నోటిదాకా తీసుకెళ్ళి తాగకుండా దించేసింది. "పోయిన వారం అది నన్ను చూసి నవ్వింది అన్నావు. నేను అందరికీ చెప్పాను. అది నవ్వు కాదు, కండరం లాగింది. మళ్ళీ ఆశపెట్టుకుని కింద పడలేనమ్మా. నాకు ఓపిక లేదు."

కిరణ్ గొంతు తగ్గించాడు. "రేపు పోయి తెలుగు అన్నమనుకో, మూడు వారాల నుంచి మీరు రాంగ్ ఇన్‌ఫర్మేషన్ ఇచ్చిండ్రు అంటరు. ఇన్సూరెన్స్‌ల అసలే... ఏదో ఒక సాకు చూస్తున్నరు. ఏం జేయాలె, చెప్పండి? ఇంటికి తీసుకుపోదాం. నేనే చేయిస్త ఎక్సర్‌సైజులు."

"ఎప్పుడు చేయిస్తారు?" అంది ఆవిడ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అతని కళ్ళ కింద ఉబ్బు చూస్తే ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

మర్నాడు పదింటికి సమావేశం, ఆవిడ రమ్మంటే నేనూ పొద్దున్నే వచ్చాను. మామూలుగా ఆవిడ గదిలోనే ఉండిపోయేది. ఆరోజు మాత్రం పాపని నర్సుకి అప్పజెప్పి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా వెనకాలే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. డాక్టరు చిన్నపిల్ల, ముప్పై అయిదు కూడా ఉండవు. చాలా మెత్తగా చెప్పింది. మూడు వారాలుగా నిలకడైన జవాబులు రాలేదు, ఇది ఎవరి తప్పూ కాదు, కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండి, పాప సిద్ధమయ్యాక మళ్ళీ రావచ్చు, సోమవారం డిశ్చార్జి. కిరణ్ థాంక్యూ అన్నాడు. స్రవంతి కాగితం రుమాలుని చిన్న చిన్న ముక్కలు చేస్తోంది.

జ్ఞానప్రసూన లేచి నిలబడింది.

"అన్నయ్యగారూ, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పండి. కలపొద్దు, తీసెయ్యొద్దు."

"చెప్పమ్మా."

"ఆ కాగితంలో పిల్ల భాష ఇంగ్లీషని ఉంది. అది తప్పు. ఆ తప్పు మాది. పిల్ల పుట్టినప్పటి నుంచీ ఇంట్లో తెలుగే. ఆపరేషన్ తర్వాత అన్న ఆఖరి మాట కూడా తెలుగే, నీళ్ళు అడిగింది."

"అత్తమ్మా" అన్నాడు కిరణ్. ఆవిడ అటు చూడలేదు.

"నిన్న ఈ అమ్మగారు అడిగినవాటికి పిల్ల అవునని అనలేదు. కాదంది. మా భాషలో కాదంటే ఇట్లా అంటాం." పెదవులు మూసుకుని అంది. "ఊఁహూఁ. అవునంటే, ఊఁ."

ఆ చివరి ముక్క నేను ఇంగ్లీషు చేసేలోపే మిస్ లొరెట్టా చెయ్యి ఎత్తింది. "మళ్ళీ అనమను."

మళ్ళీ అంది. మిస్ లొరెట్టా కళ్ళు మూసుకుని వింది. మూడోసారి అనమంది. ఆ పెద్ద శరీరం కుర్చీలో కొంచెం కిందికి జారినట్టయింది.

"ప్రభువా" అంది. "నా పాఠానికి నిలబెట్టే చట్రంలో కట్టేముందు రోజూ అడుగుతాను, ఇప్పుడు నిలబడదామా షుగర్ అని. ఈ నాలుగు రోజులూ ఆ పిల్ల ఈ శబ్దం చేసేది. నేను మంచి పిల్లవి అని కట్టేసేదాన్ని." స్రవంతి చేతులు ఆగిపోయాయి.

డాక్టరు జాగ్రత్తపడింది. ఇంట్లోవాళ్ళకి వినాలనుకున్నది వినపడుతుంది, అది సహజం, మళ్ళీ పరీక్ష చేద్దాం అంది. ఈసారి తెలుగులో. ఇంట్లోవాళ్ళు అడగకూడదు. బయటివాణ్ణి, తెలుగొచ్చినవాణ్ణి, నేనే. మిస్ లొరెట్టా పక్కన నిలబడి గుర్తులు పెడుతుంది.

అందరం గదిలోకి వెళ్ళాం. జ్ఞానప్రసూన తనంతట తనే గోడ వైపు తిరిగి నిలబడింది, తన మొహం చూసి పిల్ల చెప్పిందని ఎవరూ అనకుండా. ఎక్స్‌చేంజిలో మాకు బోర్డే కనపడేది, మనుషులు ఎప్పుడు కనపడ్డారు గనక అంది నాతో మెల్లగా.

మంచం పక్కన కూర్చుని, డాక్టరు ప్రశ్నలు రాసిచ్చిన చీటీ చదివాను.

"అమ్మలూ, నీ పేరు సంహితా?"

గోడ గడియారం చప్పుడు వినపడేంతసేపు ఏమీ లేదు. "ఊఁ."

"నీ పేరు అనురాధా?"

"ఊఁహూఁ."

"ఇది చెంచా?" చెంచాయే.

"ఊఁ."

"చెంచాతో తల దువ్వుకుంటామా?"

ఇక్కడ ఆలస్యమైంది. డాక్టరు వాచీ చూసుకుంది. పాప నోటి పక్క చొంగ కారింది, స్రవంతి తుడవబోతే కిరణ్ ఆపాడు.

"ఊఁహూఁ."

ఎనిమిది ప్రశ్నలయ్యాయి. ఎనిమిదీ సరిగ్గానే. తొమ్మిదోది, ఇక్కడ నీకు బాగుందా అని. ఆ ప్రశ్న అడగాల్సింది కాదు. పాప ఏడుపు లంకించుకుంది, ఆ సన్నటి ఏడుపు, ఆగలేదు. డాక్టరు చీటీ నా చేతిలోంచి తీసుకుని, "ఎనిమిది చాలు" అంది.

గోడ వైపున్న ఆవిడకి ఆ ఇంగ్లీషు నేను చెప్పక్కర్లేకపోయింది. భుజాలు దిగాయి. ఆ తర్వాతే ఇటు తిరిగి, మూడు వారాల తర్వాత మొదటిసారి, గట్టిగా, "ఏడవకు నా తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అంది. ఏడుపు అప్పటికీ ఆగలేదు. ఇంకో ఇరవై నిమిషాలు ఏడ్చింది.

సాయంత్రానికి ఇన్సూరెన్సువాళ్ళ డాక్టరుతో ఈ డాక్టరు మాట్లాడి, మూడు వారాలు ఒప్పించింది. ఫారం కొట్టేసి మళ్ళీ రాశారు. ఎవరూ కిరణ్‌ని ఏమీ అనలేదు. అతను భయపడినదేదీ జరగలేదు. కిందికి దిగుతుంటే లిఫ్టులో అతనే అడిగాడు.

"అత్తమ్మా, రాసింది నేను. మాది తప్పు అన్నరెందుకు?"

"స్కాన్ తియ్యాల్సిన పిల్లకి దిష్టి తియ్యమన్నది నేను" అంది ఆవిడ. "నాది ఏ కాగితంలోనూ లేదు, అంతే తేడా."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. కిరణ్ తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి ఆవిణ్ణి ముందు దిగనిచ్చాడు.

సంహిత ఇప్పుడెలా ఉందని అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెప్పేస్తాను. ఆ మూడు వారాలు ఇంకో మూడు వారాలయ్యాయి. డిసెంబరులో చక్రాల కుర్చీలో ఇంటికెళ్ళింది. మాటలు ఒక్కొక్కటే, అరగదీసిన గొంతుతో, వచ్చాయి. అప్పటికి నేను డల్లాస్‌లో ఇంకో మేనకోడలి ఇంట్లో ఉన్నాను. ఆరేళ్ళ తర్వాత కూడా మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకోవాలట. పూర్తిగా బాగుపడిందని ఎవరూ అనలేదు, నేనూ అనను.

నాకు గుర్తున్నది మాత్రం ఆ సమావేశం అయిన తర్వాతి మూడు రోజులు. మిస్ లొరెట్టా మంచం పైన ఒక అట్ట అంటించింది, మన రెండు శబ్దాలూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అవును, కాదు. డ్యూటీ మారిన ప్రతి నర్సూ దాని ముందు నిలబడి ఊఁ, ఊఁహూఁ అని సాధన చేసేది. ఊడ్చే మనిషి కూడా నేర్చుకున్నాడు. అడిగి చెయ్యండి, కాదంటే ఆగండి, ఐదు నిమిషాలాగి మళ్ళీ అడగండి అని రూలు పెట్టింది. తన మాట చెల్లుతుందని తెలిసిన పాప అన్నిటికీ కాదనడం మొదలుపెట్టింది. నిలబడదామా, ఊఁహూఁ. పళ్ళు తోముదామా, ఊఁహూఁ. అమ్మ వచ్చింది చూడు, దానికీ ఊఁహూఁ. స్రవంతి వరండాలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

శనివారం మధ్యాహ్నం, మింగడం పరీక్ష చేసి, చిక్కటిదేదైనా నాలుగు చెంచాలు నోటితో పెట్టొచ్చన్నారు. ఆస్పత్రి వంటింటి నుంచి చిన్న డబ్బాలో పెరుగొచ్చింది. నెల పైన పొట్టలో గొట్టమే తప్ప నోట్లో ముద్ద ఎరగని పిల్ల. అమ్మమ్మ చేతులు కడుక్కుని, చెంచా పట్టుకుని, మంచం ఎత్తు పెంచమని నర్సుకి సైగ చేసి, దగ్గరగా జరిగింది. మిస్ లొరెట్టా పాప గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి మింగుతోందో లేదో చూస్తోంది.

మొదటి చెంచా సగం కారింది, సగం లోపలికెళ్ళింది. జ్ఞానప్రసూన మొహం వెలిగింది. రెండో చెంచా దగ్గర పెట్టగానే, "ఊఁహూఁ."

"ఒక్కటే నా బంగారం, ఇదొక్కటే. అమ్మమ్మ కోసం."

"ఊఁహూఁ."

"ఇదిగో, ఇది కాకికి పెడుతున్నా, ఇది..." చెంచా పెదవుల మధ్యకి పోబోతోంది.

"కాదంటోంది, మిస్ జ్ఞానా" అంది మిస్ లొరెట్టా, ఇంగ్లీషులోనే, మెల్లగా.

ఆ ముక్క తెలుగు చెయ్యమని ఆవిడ నన్ను అడగలేదు. చెంచా గాలిలో అలాగే ఉంది. మా వైపు ఇళ్ళల్లో పిల్ల వద్దన్నాక ఆపిన అమ్మమ్మని నేనింతవరకు చూడలేదు. నెలరోజుల ఆకలి ఆవిడది, పిల్లది కాదు. చెయ్యి వెనక్కి రావడానికి చాలాసేపు పట్టింది.

పారెయ్యడానికి మనసొప్పక ఆ చెంచా తన నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, కళ్ళు చిట్లించింది.

"ఛీ, ఇదేం పెరుగండీ, తియ్యగా! ఏదో సెంటు కూడా పోశారు."

డబ్బా తిప్పి చూస్తే వనిల్లా అని ఉంది. చెబితే ఆవిడ పాప వైపు తిరిగి, "వద్దన్నావంటే అనవూ మరి" అంది.

ఆదివారం స్రవంతి ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, చిటికెడు ఉప్పు వేసి, డబ్బాలో తెచ్చింది. మిస్ లొరెట్టాకి సెలవైనా, చిక్కదనం సరిపోయిందో లేదో ఇంకో ఆవిడ చూసి ఒప్పుకుంది. మూడు చెంచాలు పోయాయి. నాలుగోదానికి పాప వద్దంది. జ్ఞానప్రసూన రెండోసారి అడగలేదు. చెంచా డబ్బాలో పెట్టి మూత పెట్టింది. పాప మూతి తుడిచింది. తర్వాత ఆవిడే మంచం కమ్మీకి తల ఆనించి, కూర్చున్నచోటే, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోయింది.